ఫోన్ పోతే నిజంగా పోయేది ఏమిటి?

ప్రశ్న: నమస్తే అన్నా. మాది తిరుపతి, కొర్లగుంట. లీలామహల్ సర్కిల్ దగ్గర నేనూ మా ఆయనా టిఫిన్ బండి నడుపుతాం. రెండు వారాల కింద ఆర్టీసీ బస్టాండులో మా అక్కను పుంగనూరు బస్సు ఎక్కించి వెనక్కి తిరిగేసరికి చేతిసంచిలో ఫోన్ లేదు. ఎవరి ఫోన్ నుంచైనా చెబుదామంటే ఒక్క నంబరూ నోటికి రాదు. మా ఆయనది కూడా! నడుచుకుంటూ బండి దగ్గరికి పోయి చెప్పాను. సిమ్ మా అబ్బాయి పేరు మీద ఉంది. వాడు చెన్నైలో చదువుతున్నాడు. వాడొచ్చి కొత్త సిమ్ తీసిచ్చేసరికి రెండు రోజులు పట్టింది. సిమ్ వచ్చాక కూడా ఓటీపీలు రాలేదు. ఎవరో హ్యాక్ చేశారేమోనని ఒకటే టెన్షన్. ఆ రోజుల్లో బండి మీది స్కానర్‌కు అట్ట కట్టేసి, నగదు ఉంటేనే టిఫిన్ అన్నాను. సగం మంది తిరిగిపోయారు. పోయినేడాది కాలం చేసిన మా అమ్మ ఫొటోలు, చీటీల లెక్క, మా మరిది వాళ్ళ మూడు వందల రూపాయల దర్శనం టికెట్లు అన్నీ అందులోనే. మా ఆయన 'ఇంక ఈ ఫోన్లు వద్దు, బటన్ ఫోన్ చాలు, అంతా నగదే' అంటాడు. అబ్బాయేమో 'కొత్తది కొనిస్తా, అన్నీ వాటంతట అవే వచ్చేస్తాయి, నీకు తెలీక భయపడతావు' అంటాడు. ఇప్పుడు మా అక్క ఇచ్చిన పాత ఫోన్‌తో నెట్టుకొస్తున్నాను. తెలిసినాయన ఒకరు సెకండ్ హ్యాండ్ ఫోన్ తీసుకోమంటున్నాడు. ఎవరి మాట వినాలి? ఒక వస్తువు మీద ఇంతగా ఆధారపడటం నా తప్పేనా?
— ఒక పాఠకురాలు, తిరుపతి

సమాధానం:

చెల్లెమ్మా, ముందు మీ చివరి ప్రశ్నకే జవాబు చెబుతాను. తప్పు మీది కాదు. 2016లో యూపీఐ వచ్చేనాటికి మన ఊళ్ళో టిఫిన్ బండి నడపాలంటే పెనం, పొయ్యి, చిల్లర డబ్బా ఉంటే సరిపోయేది. ఇవాళ గ్యాస్ సిలిండర్ ఇంటికి తెచ్చే అబ్బాయి కూడా ఫోన్‌కు వచ్చిన నంబరు చెప్పమంటాడు. బ్యాంకు, పిల్లల కాలేజీ, కొండ మీద దర్శనం అన్నీ ఫోన్‌లోకి వచ్చేశాయి. సర్టిఫికెట్లు, బిల్లుల లాంటి పనులకు మన రాష్ట్ర ప్రభుత్వమే 2025 జనవరి 30న 'మన మిత్ర' పేరుతో వాట్సాప్ సేవలు మొదలుపెట్టింది. ఊరంతా నడిచే దారిలోనే మీరూ నడిచారు. అందుకు కుమిలిపోవద్దు.

అయితే ఒక మాట. ఆధారపడటంలో తప్పు లేకపోయినా, దేని మీద ఆధారపడ్డామో తెలియకపోవడంలో కష్టం ఉంది. మీ ఉత్తరంలో నాకు కనిపించింది అదే. మీ చేతిసంచిలోంచి పోయింది ఒక్క వస్తువు. దాంతోపాటు మీ నంబరు, మీ బ్యాంకు డబ్బు, మీ అమ్మగారి ఫొటోలు, మీ అబ్బాయితో మాట్లాడే దారి అన్నీ పోయినట్టు అనిపించింది. నిజానికి ఇవన్నీ ఒక్క చోట ఉండవు. వేటి తావు వాటిది. ఆ సంగతి మీకు ఇంతవరకూ ఎవరూ విడమరిచి చెప్పలేదు.

వీటన్నిటిలో తేలిగ్గా మళ్ళీ దొరికేది ఫోనే. 2015లో షావోమీ కంపెనీ మన దేశంలో తయారైన తన మొదటి ఫోన్‌ను మన శ్రీసిటీలోని ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీ నుంచే తెచ్చింది. అక్కడ పనిచేసేవాళ్ళలో చాలామంది చుట్టుపక్కల పల్లెల ఆడపిల్లలు. అలా తయారైన ఫోన్ పోతే డబ్బు నష్టం, బాధే. కానీ డబ్బు పెడితే ఇంకొకటి వస్తుంది. నంబరు అలా కాదు. మీ జీవితంలోని తాళాలన్నీ ఇప్పుడు ఆ నంబరు మీదే నడుస్తున్నాయి. బ్యాంకు ఓటీపీ పంపేది ఆ నంబరుకే, ఆధార్ అడిగేది ఆ నంబరునే, వాట్సాప్ తెరుచుకునేదీ దాంతోనే. అందుకే నంబరు గురించి కాస్త ఎక్కువగా చెబుతాను, ఓపిగ్గా చదవండి.

సిమ్ వచ్చాక కూడా ఓటీపీలు రాలేదని భయపడ్డారు కదా. ఎవరూ హ్యాక్ చేయలేదమ్మా. డూప్లికేట్ సిమ్ ఇచ్చినప్పుడు 24 గంటల పాటు ఆ నంబరుకు ఎస్సెమ్మెస్‌లు రాకుండా, దాన్నుంచి పోకుండా ఆపి ఉంచాలని కేంద్ర టెలికాం శాఖ కంపెనీలకు చెప్పింది. ఎందుకంటే కొందరు మోసగాళ్ళు వేరేవాళ్ళ పేరుతో దొంగ కాగితాలు చూపించి డూప్లికేట్ సిమ్ తీసుకుని, ఆ నంబరుకు వచ్చే ఓటీపీలతో బ్యాంకు ఖాతాలు ఖాళీ చేసేవాళ్ళు. ఆ ఒక్క రోజు గడువు దొరికితే అసలు మనిషి తన సిమ్ పని చేయడం లేదని గమనించి ఫిర్యాదు చేసుకోగలడు. మిమ్మల్ని అంత టెన్షన్ పెట్టిన నిబంధన మీ డబ్బును కాపాడటానికి పెట్టిందే. సిమ్ ఇచ్చిన షాపులో ఆ ఒక్క ముక్క చెప్పి ఉంటే ఆ రాత్రి మీరు నిద్రపోయేవారు. చెప్పాల్సిన బాధ్యత వాళ్ళది.

సిమ్ మీ అబ్బాయి పేరు మీద ఉండటం అసలు చిక్కు. మన ఇళ్ళల్లో ఇది మామూలే. ఆడవాళ్ళు వాడే సిమ్ భర్త పేరు మీదో కొడుకు పేరు మీదో ఉంటుంది. ఫోన్ చేతిలో ఉన్నంతకాలం ఎవరికీ పట్టదు. పోయిన రోజున మాత్రం, ఆ సిమ్ ఎవరి పేరు మీద ఉందో ఆ మనిషి ఆధార్ పట్టుకుని వచ్చి నిలబడితే తప్ప కంపెనీ కొత్త సిమ్ ఇవ్వదు. మీ ఖాతా, మీ వ్యాపారం, మీ పేరుతో ఉన్న గ్యాస్ కనెక్షన్ అన్నీ ఆ నంబరు మీద నడుస్తుంటే ఆ నంబరు మీ పేరు మీదే ఉండాలి. మీ అబ్బాయి ఈసారి సెలవులకు వచ్చినప్పుడు ఇద్దరూ ఆధార్ కార్డులు తీసుకుని ఆ కంపెనీ స్టోర్‌కు వెళ్ళండి, పేరు మార్పిస్తారు. ఈ ఉత్తరానికి నేనిచ్చే సలహాల్లో ఒక్కటే పాటించగలనంటే, ఇది పాటించండి.

ఇంకోటి చాలామందికి తెలియదు. ఫోన్‌కు ఎంత గట్టి లాక్ పెట్టుకున్నా, దొంగ అందులోని సిమ్ తీసి వేరే ఫోన్‌లో వేసుకుంటే మీకొచ్చే ఓటీపీలు అతనికి కనబడతాయి. దీనికి విరుగుడు సిమ్ లాక్. ఫోన్ సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ అన్నచోట ఉంటుంది. అది పెడితే, సిమ్‌ను ఏ ఫోన్‌లో వేసినా ముందు పిన్ అడుగుతుంది. మొదటిసారి పెట్టేటప్పుడు కంపెనీ ఇచ్చిన పాత పిన్ కావాలి. అదేమిటో ఊహించి కొట్టకండి. మూడుసార్లు తప్పయితే సిమ్ ఆగిపోయి పీయూకే అనే ఇంకో నంబరు అడుగుతుంది. స్టోర్‌లో పేరు మార్పించే రోజే అక్కడి వాళ్ళను అడిగి, వాళ్ళ ఎదుటే పెట్టించుకోండి.

ఫోన్ పోయిందని తెలిసిన క్షణంలో ముందు చేయాల్సింది కూడా సిమ్ పనే. పక్కన ఎవరి ఫోన్ దొరికితే దాంతో కంపెనీ కస్టమర్ కేర్‌కు చేసి సిమ్ ఆపించాలి. తర్వాత బ్యాంకుకు చేసి యూపీఐ, కార్డు ఆపించాలి. డబ్బు పోయినట్టు తెలిస్తే వెంటనే 1930కి చెప్పాలి. అది సైబర్ మోసాల కోసం పెట్టిన జాతీయ నంబరు. ఎంత తొందరగా చెబితే ఆ డబ్బును మధ్యలోనే ఆపే అవకాశం అంత ఉంటుంది. మీ విషయంలో కొత్త సిమ్ పని చేయడం మొదలైనప్పుడే పాత సిమ్ చచ్చిపోయింది, కాబట్టి ఇప్పుడు దాంతో ఎవరూ ఏమీ చేయలేరు. అయినా ఆ మధ్య రెండు మూడు రోజుల బ్యాంకు స్టేట్‌మెంట్ ఒకసారి తీసి, ప్రతి లావాదేవీ మీదేనా అని చూడండి. తెలియనిది కనిపిస్తే ఆ రోజే బ్యాంకులో రాతపూర్వకంగా ఇవ్వండి.

పోలీసు ఫిర్యాదు ఇచ్చారో లేదో మీరు రాయలేదు. రెండు వారాలైనా పర్వాలేదు, ఇవ్వండి. ఆ ఫిర్యాదు కాపీ, ఫోన్ కొన్న బిల్లు, ఐఎంఈఐ నంబరు ఉంటే 'సంచార్ సాథీ' అనే ప్రభుత్వ పోర్టల్లో ఆ ఫోన్‌ను బ్లాక్ చేయించవచ్చు. ఐఎంఈఐ అంటే ఒక్కో ఫోన్‌కు ఉండే 15 అంకెల గుర్తింపు నంబరు. రెండు సిమ్‌ల ఫోన్‌కు అవి రెండుంటాయి. ఫోన్ వచ్చిన డబ్బా మీద ముద్రించి ఉంటుంది, డబ్బా పారేయకుంటే వెతకండి. బ్లాక్ అయితే దేశంలో ఏ కంపెనీ సిమ్ వేసినా ఆ ఫోన్ పని చేయదు. అదే పోర్టల్లో మీ పేరు మీద ఎన్ని నంబర్లు ఉన్నాయో కూడా చూసుకోవచ్చు. మీకు తెలియని నంబరు కనబడితే అక్కడే చెప్పవచ్చు.

ఇప్పుడు మీ బండి సంగతి. ఉత్తరంలో నన్ను అన్నిటికంటే బాధ పెట్టింది ఆ అట్ట ముక్కే. స్కానర్‌కు అట్ట కట్టాల్సిన అవసరమే లేదమ్మా! ఆ స్కానర్ మీ ఫోన్‌కు అతికించింది కాదు, మీ బ్యాంకు ఖాతాకు అతికించింది. కస్టమర్ స్కాన్ చేసి పిన్ కొట్టగానే అతని బ్యాంకులో డబ్బు తగ్గుతుంది. యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ, అంటే నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్, ఆ కబురును మీ బ్యాంకుకు అందిస్తుంది, మీ ఖాతాలో డబ్బు పడుతుంది. ఈ మొత్తం దారిలో మీ ఫోన్ ఎక్కడా లేదు. అది స్విచాఫ్ అయినా, పోయినా, నీళ్ళలో పడినా డబ్బు వచ్చేస్తుంది. మీ ఫోన్ చేసే పని ఒక్కటే: డబ్బు వచ్చిందని మీకు చెప్పడం. అంటే ఆ రోజు మీకు లేనిది డబ్బు వచ్చే దారి కాదు, వచ్చిందో లేదో తెలుసుకునే దారి.

ఆ తెలుసుకునే దారి కూడా ముఖ్యమే, కాదనను. కస్టమర్ చూపించే స్క్రీన్‌ను నమ్మలేం. డబ్బు పంపినట్టు దొంగ స్క్రీన్ చూపించే యాప్‌లతో మోసం చేసేవాళ్ళున్నారు, రద్దీ బండ్లనే చూసుకుని వస్తారు. అందుకే సౌండ్ బాక్స్ పెట్టించుకోమంటాను. 'యాభై రూపాయలు అందాయి' అని గట్టిగా చెప్పే ఆ పెట్టెలో దాని సొంత సిమ్ ఉంటుంది, మీ ఫోన్‌తో దానికి పని లేదు. నెలనెలా కొంత అద్దె తీసుకుంటారు. తెల్లారి నుంచి చేతులు పిండిలో, చట్నీలో ఉండే మనిషికి ఆ అద్దె దండగ కాదని నా అభిప్రాయం. అద్దె వద్దనుకుంటే, మీ స్కానర్ ఇచ్చిన కంపెనీ యాప్‌ను మీ ఆయన ఫోన్‌లో కూడా చూసుకునే ఏర్పాటు ఉందేమో ఆ కంపెనీ వాళ్ళను అడగండి.

మీ ఆయన మాటలో కూడా నిజం ఉంది. చిల్లర డబ్బా తీసేయకూడదు. 2025 మార్చి 26న, మళ్ళీ ఏప్రిల్ 12న దేశమంతా యూపీఐ కొన్ని గంటలు మొరాయించింది. అప్పుడు ఎంత ఖరీదైన ఫోన్ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. ఒకరోజు కూరగాయలకు, పాలకు, గ్యాస్‌కు సరిపడా నగదు ఇంట్లో, కొంచెం చిల్లర బండి దగ్గర ఎప్పుడూ ఉండాలి. నెట్ లేనప్పుడు ఇంకో దారి కూడా ఉంది. బ్యాంకులో ఇచ్చిన నంబరు ఉన్న ఫోన్ నుంచి *99# కొడితే తెర మీద అంకెల వరుస వస్తుంది, దాంతో బ్యాలెన్స్ చూడవచ్చు, ఒక్కోసారికి 5,000 రూపాయల దాకా పంపవచ్చు. బటన్ ఫోన్‌లోనూ అది నడుస్తుంది. చేతిలో పని లేని రోజున ఒకసారి ప్రయత్నించి చూడండి. అవసరం పడ్డ రోజున మొదటిసారి చేయబోతే చేయి వణుకుతుంది.

కానీ అంతా వదిలేసి బటన్ ఫోన్ ఒక్కటే అంటే నేను ఒప్పుకోను. బటన్ ఫోన్‌లోకి మారినా నంబరు నంబరే, ఓటీపీ ఓటీపీయే. ఆ సిమ్ పోయినా మళ్ళీ ఇవే కష్టాలు. పైగా బ్యాంకు సిమ్‌ను బటన్ ఫోన్‌లోకి మారిస్తే, చాలా యూపీఐ యాప్‌లు ఆ సిమ్ అదే ఫోన్‌లో లేదని గమనించి ఆగిపోతాయి. సగం మంది తిరిగిపోయారని మీరే రాశారు. రేపటి నుంచి నగదు మాత్రమే అంటే రోజూ వాళ్ళు తిరిగిపోతారు. బటన్ ఫోన్ కొనండి, అయితే రెండోదిగా కొనండి. మీ ఆయన పేరు మీద వేరే సిమ్ వేసి బండి దగ్గర పెట్టండి. ఛార్జింగ్ రోజుల తరబడి ఆగుతుంది. దానికి నెలనెలా ఏదో చిన్న రీఛార్జ్ మాత్రం మానకండి. చాలాకాలం వాడకుండా వదిలేసిన నంబరును కంపెనీ తీసేసి, తర్వాత వేరేవాళ్ళకు ఇచ్చేస్తుంది. మీ ఇంట్లో ఎవరి బ్యాంకు ఖాతాకైనా అలా వదిలేసిన పాత నంబరు ఇచ్చి ఉంటే రేపే వెళ్ళి మార్పించండి.

అమ్మగారి ఫొటోల గురించి. ఇది రాస్తుంటే నాకూ మనసు బరువెక్కింది. అవి పోయాయని ఇప్పుడే అనుకోకండి. మీ ఫోన్‌లో గూగుల్ ఫొటోస్‌లో బ్యాకప్ పెట్టి ఉంటే అవి ఫోన్‌లోనే కాకుండా మీ గూగుల్ ఖాతాలో కూడా ఉంటాయి. చిక్కల్లా ఆ ఖాతా ఏదో గుర్తుండకపోవడమే. మన దగ్గర ఫోన్ కొన్న రోజున షాపులో కుర్రాడు రెండు నిమిషాల్లో ఏదో పేరుతో జీమెయిల్ తెరిచి ఇచ్చేస్తాడు. ఆ పేరూ పాస్‌వర్డూ అతనూ మరిచిపోతాడు, మనమూ అడగం. ఏళ్ళ తరబడి మన ఫొటోలు, కాంటాక్టులు ఆ ఖాతాలోకే పోతుంటాయి. మీ అబ్బాయిని కూర్చోబెట్టండి. పాత ఫోన్‌లో మీరు ఎవరికైనా మెయిల్ పంపారా, ఆధార్ సెంటర్‌లోనో బ్యాంకులోనో ఇచ్చిన మెయిల్ ఏది, మీ అబ్బాయి కంప్యూటర్‌లో ఎప్పుడైనా ఆ ఖాతా తెరిచాడా, అన్నీ వెతకండి. గూగుల్‌లో ఖాతా తిరిగి తెరిపించుకునే వీలుంది. ఇంతకుముందు ఆ ఖాతా వాడిన కంప్యూటర్ నుంచి, ఇంట్లోనే కూర్చుని ప్రయత్నిస్తే అది మిమ్మల్ని గుర్తుపట్టే అవకాశం ఎక్కువ. ఉచితంగా ఇచ్చే చోటు 15 జీబీ, మెయిళ్ళు, ఫొటోలు, వాట్సాప్ బ్యాకప్ అన్నీ కలిపి. అది నిండిపోయి ఉంటే ఆ తర్వాతి ఫొటోలు ఎక్కి ఉండవు. అమ్మగారివి పాతవి కాబట్టి ఆశ ఉంది.

వాట్సాప్ విషయంలో ఒక జాగ్రత్త. అక్క ఇచ్చిన ఫోన్‌లో మీరు ఇప్పటికే వాట్సాప్ పెట్టుకుని ఉంటారు. పాత సందేశాలు రాకపోయి ఉంటే, పాత గూగుల్ ఖాతా దొరికినా, అవి దింపుకునేదాకా ఆ ఖాతాతో కొత్తగా బ్యాకప్ పెట్టకండి. కొత్త బ్యాకప్ పాతదాని మీద పడి దాన్ని చెరిపేస్తుంది. ముందు పాతది దింపుకోవాలి, తర్వాతే కొత్తది.

ఎంత వెతికినా ఖాతా దొరకలేదనుకోండి. అప్పుడు ఫోన్లను వదిలేసి మనుషులను అడగండి. అమ్మగారి ఫొటోలు మీరు అక్కకు పంపి ఉంటారు, అన్నదమ్ములకు, కోడళ్ళకు పంపి ఉంటారు, పెళ్ళిళ్ళ గ్రూపుల్లో పెట్టి ఉంటారు. వాళ్ళ ఫోన్లలో అవి ఇంకా ఉంటాయి. పుంగనూరులో అక్కను ఈ రోజే అడగండి, వాళ్ళు ఫోన్ మార్చకముందే. వచ్చినవాటిలో మంచివి ఓ పది ఎంచి గాంధీ రోడ్డులో ఏ స్టూడియోలోనైనా ప్రింట్లు వేయించి ఆల్బమ్‌లో పెట్టండి.

దర్శనం టికెట్ల గురించి బెంగ అక్కర్లేదు. టీటీడీ వెబ్‌సైట్‌లో టికెట్ తీసుకున్నప్పుడు ఏ నంబరు ఇచ్చారో అదే నంబరుతో ఓటీపీ కొట్టి లోపలికి వెళితే, పాత బుకింగ్‌లలో ఆ టికెట్ ఉంటుంది, మళ్ళీ దింపుకోవచ్చు. కాగితం మీద ప్రింటు తీసి, అందరి ఒరిజినల్ ఆధార్ కార్డులతో మీ మరిది చేతికివ్వండి. ఎలాగూ గుడిలోకి ఫోన్ తీసుకుపోనివ్వరు, కౌంటర్లో ఇచ్చి వెళ్ళాల్సిందే. బయటికి వచ్చాక అందరూ ఎక్కడ కలుసుకోవాలో లోపలికి వెళ్ళకముందే చెప్పుకోమనండి. ఊరి నుంచి మొదటిసారి వచ్చే పెద్దవాళ్ళు తప్పిపోయి కంగారుపడేది అక్కడే.

చీటీల లెక్కకు నోటుబుక్కు పెట్టండి. పదిమంది డబ్బు విషయం, ఫోన్‌లో ఉన్నా పుస్తకంలో కూడా ఉండాలి.

ఇక నంబర్లు. మీ ఆయనది, అబ్బాయిది, ఈ రెండూ నోటికి రావాలి. రోజూ ఒకసారి పేరు నొక్కకుండా అంకెలు కొట్టి ఫోన్ చేయండి, వారంలో వచ్చేస్తాయి. ఇంకో నాలుగు నంబర్లు, సిమ్ కంపెనీ కస్టమర్ కేర్‌ది, బ్యాంకుది, అక్కది, పక్క బండి ఆమెది, చిన్న కాగితం మీద రాసి పర్సులో ఒకటి, బండి లోపలి వైపు ఒకటి అంటించండి. కొత్త ఫోన్ తీసుకున్నాక *#06# కొడితే దాని ఐఎంఈఐ కనబడుతుంది, అదీ రాసుకోండి. ఆ కాగితం మీద పిన్‌లు రాయకూడదు.

పాస్‌వర్డ్‌లు ఎక్కడా రాయొద్దని చాలామంది చెబుతారు. యూపీఐ పిన్ విషయంలో అది అక్షరాలా నిజం, దాన్ని రాయడానికి వీల్లేదు. గూగుల్ పాస్‌వర్డ్ విషయంలో నా ఆలోచన వేరు. మీలాంటి ఇళ్ళల్లో ఆ పాస్‌వర్డ్‌ను ఎవరో దొంగిలిస్తారన్న భయం కంటే, మరిచిపోతారన్న భయమే పెద్దది. ఇంటి కాగితాలు, బాండ్లు పెట్టే బీరువాలో ఒక కవరు పెట్టండి. అందులో జీమెయిల్ పేరు, పాస్‌వర్డ్ రాసి ఉంచండి. గూగుల్‌లో రెండంచెల భద్రత, అంటే పాస్‌వర్డ్ తర్వాత ఇంకో రుజువు కూడా అడిగే ఏర్పాటు, పెట్టుకుంటే, ఫోన్ లేనప్పుడు వాడుకోవడానికి ఎనిమిదేసి అంకెల కోడ్‌లు పది ఇస్తుంది. వాటినీ రాసి అదే కవరులో పెట్టండి. ఒక్కో కోడ్ ఒక్కసారే పని చేస్తుంది. వాడినదాన్ని కొట్టేయండి. ఖాతాలో రికవరీ నంబరు దగ్గర మీ నంబరే ఇవ్వకండి. మీ ఫోన్ పోయిన రోజున అది మీ దగ్గర ఉండదు కదా. మీ ఆయన నంబరు ఇవ్వండి. డ్రైవింగ్ లైసెన్సు, పిల్లల మార్కుల జాబితాల్లాంటివి డిజిలాకర్ అనే ప్రభుత్వ యాప్‌లో ఉంచుకుంటే ఫోన్ పోయినా అవి పోవు. అందులోంచి చూపించిన లైసెన్సు చట్టప్రకారం ఒరిజినల్‌తో సమానం.

మీ అబ్బాయికి ఈ నాలుగు మాటలు చదివి వినిపించండి. బాబూ, నువ్వు మీ అమ్మకు మంచి ఫోన్ కొనివ్వాలనుకుంటున్నావు, సంతోషం. కానీ 'అన్నీ వాటంతట అవే వచ్చేస్తాయి' అన్న మాట సగమే నిజం. ఖాతా, పాస్‌వర్డ్, బ్యాకప్ ముందుగా సరిగా పెట్టి ఉన్నవాళ్ళకే అవి వస్తాయి. ఫోన్ కొని, నువ్వే చకచకా అన్నీ సెట్ చేసి అమ్మ చేతిలో పెట్టి చెన్నై బస్సెక్కితే, తాళాలన్నీ నీ దగ్గరే ఉండిపోతాయి. అమ్మ నీ మీద ఆధారపడుతుంది, నువ్వేమో దూరంగా ఉంటావు. ఈసారి ఒక సాయంత్రం మొత్తం అమ్మకు ఇవ్వు. ఫోన్ అమ్మ చేతిలోనే ఉండాలి, నొక్కేది అమ్మే. నువ్వు పక్కన కూర్చుని చెప్పు. ఆలస్యమైతే అవ్వనీ, తప్పు నొక్కితే నొక్కనీ. జీమెయిల్ పేరు అమ్మే ఎంచుకోవాలి, పాస్‌వర్డ్ అమ్మే పెట్టాలి, బ్యాకప్ ఎక్కడుందో అమ్మే వెతికి చూపించాలి. తెల్లవారుజామున లేచి, పదుల మంది లెక్కలు నోటితోనే వేసే మనిషికి ఇది రాని విద్యేమీ కాదు. 'నీకేం తెలీదు' అన్న మాట మాత్రం ఇంకెప్పుడూ అనొద్దు. ఆ మాట విన్న తల్లులు తర్వాత ఏ మోసగాడి ఫోన్ వచ్చినా, పిల్లలు తిడతారన్న భయంతో చెప్పకుండా దాచిపెడతారు. ఎక్కువ డబ్బు పోయేది అలాంటప్పుడే.

చెల్లెమ్మా, కొత్త ఫోన్‌లో యూపీఐ మళ్ళీ పెట్టుకునేటప్పుడు మొదటి 24 గంటలు 5,000 రూపాయలకు మించి పంపనివ్వకపోవచ్చు. కంగారు పడొద్దు, అదీ భద్రత కోసమే. పిన్ మరిచిపోయి ఉంటే మార్చుకోవడానికి డెబిట్ కార్డు దగ్గర పెట్టుకోండి, దాని చివరి అంకెలు, గడువు తేదీ అడుగుతుంది.

ఆ సెకండ్ హ్యాండ్ ఫోన్ గురించి ఇంకో మాట. కొనే ముందు దాంట్లో *#06# కొట్టి ఐఎంఈఐ నంబరు చూడండి. కేవైఎం అని ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, ఒక ఖాళీ వదిలి, ఆ 15 అంకెలు రాసి 14422కు ఎస్సెమ్మెస్ పంపండి. ఆ ఫోన్ ఏ కంపెనీది, ఏ మోడల్ అని జవాబు వస్తుంది. బ్లాక్ అయిందనో, ఆ నంబరు వేరే ఫోన్‌లో కూడా వాడుకలో ఉందనో వస్తే తీసుకోకండి. తెలిసినాయనే అయినా బిల్లు అడగండి. మీలాగే బస్టాండులో ఎవరో పోగొట్టుకున్న ఫోన్ మీ చేతికి రావడం మీకూ ఇష్టం ఉండదు.

రాబోయే రోజుల్లో 'మీ ఫోన్ దొరికింది, ఓటీపీ చెబితే పంపిస్తాం' అనో, 'బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం, పోయిన ఫోన్‌లోంచి మీ ఖాతాలో డబ్బు తీస్తున్నారు, వెంటనే ఈ లింకు నొక్కండి' అనో ఎవరైనా ఫోన్ చేయవచ్చు. ఫోన్ పోగొట్టుకున్నవాళ్ళ కంగారే వాళ్ళకు పెట్టుబడి. పోలీసులు ఫోన్ దొరికిందని చెప్పడానికి ఓటీపీ అడగరు. డబ్బు తీసుకోవడానికి పిన్ ఎప్పుడూ కొట్టక్కర్లేదు, పిన్ అడిగారంటే మీ డబ్బు పోతున్నట్టే. అవతలి మనిషి ఎంత మర్యాదగా మాట్లాడినా, ఎంత బెదిరించినా ఫోన్ పెట్టేయండి. అనుమానం తీరకపోతే పాస్‌బుక్ తీసుకుని మీ బ్యాంకు బ్రాంచికి మీరే వెళ్ళి అడగండి.